మోకాలి కింద సూది

ఆ వేసవంతా మా ఇంట్లో తెల్లారగానే వినిపించిన మాట ఒక్కటే: "అయ్యిందా?"

మా అత్తయ్య సంపూర్ణమ్మ వంటింట్లోంచి అడిగేది. ఇంకెవరింట్లోనైనా ఆ మాటకి కాఫీ అయ్యిందా, స్నానం అయ్యిందా అని అర్థం. మా ఇంట్లో మాత్రం మా ఆయన గణేష్‌బాబుకి ఆ రోజు కడుపు కదిలిందా అని. అయ్యిందంటే ఆ పూటకి గండం గడిచినట్టు. కాలేదంటే ఇక ఎప్పుడవుతుందో, ఎక్కడవుతుందో, ఎవరి ముందవుతుందో అని ముగ్గురం బిక్కుబిక్కుమంటూ తిరిగేవాళ్ళం.

మాది కడియపులంకలో నర్సరీ. ముందటేడు ఎండలు మొదలవుతుండగా షేడ్ నెట్ కట్టడానికి ఈయన ఇనప గొట్టాల మీదకెక్కి, జారి, వెల్లకిలా పడ్డారు. కింద ఇటుకల వరస ఉంది. వెన్నుపూస విరిగి లోపలి నరాల తాడు నలిగిపోయింది. ఆపరేషన్ చేశారు. అయినా బొడ్డు కింద నుంచి ఆయనకి ఏమీ తెలియదు. కాళ్ళు ఆడవు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని చూసి అందరూ "అయ్యో, కాళ్ళు!" అంటారు. కాళ్ళ సంగతి ఆయన సర్దుకున్నారనే నేననుకున్నాను. మనిషిని లోపల్లోపల తినేసింది ఇంకొకటి. కడుపులో ఏముందో తెలియదు, వస్తోందో తెలియదు, వస్తే ఆపుకోవడం చేతకాదు. దీన్ని చూసి "అయ్యో" అనేవాళ్ళెవరూ లేరు. చెప్పుకుంటే కదా!

రోజూ పొద్దున్నే ఆయన్ని మంచం మీద పక్కకి తిప్పి, గ్లౌజు వేసుకుని, కింది నుంచి పెట్టే మాత్ర పెట్టేదాన్ని. కాసేపాగి వేలితో సాయం చేయాలి. ఆసుపత్రిలో నాకు నేర్పి పంపారు. ఒక్కోరోజు గంట పట్టేది, ఒక్కోరోజు ఎండ ముదిరేదాకా ఏమీ అయ్యేది కాదు. ఆయన గోడవైపు చూసేవారు, నేను కిటికీవైపు చూసేదాన్ని. అంతకుముందు మేమిద్దరం ఒకచోట ఉండి మాట్లాడుకోకుండా ఉన్న రోజు లేదు.

శివరాత్రి వెళ్ళిన వారానికి బరంపురం నుంచి ఒక పాత కొనుగోలుదారు వచ్చాడు. లారీకి సరిపడా మామిడి అంట్లు, కాగితం పూల మొక్కలు కావాలన్నాడు. ఈయన గేటు దగ్గర కుర్చీలో కూర్చుని హుషారుగా బేరం మాట్లాడుతున్నారు. నేను మొక్కలు చూపిస్తున్నాను. ఉన్నట్టుండి ఆ పెద్దమనిషి జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక అది ముక్కు దగ్గరే ఉంచేశాడు. ఏం జరిగిందో నాకు తెలిసింది. ఈయనకి ఇంకా తెలియలేదు. "ఈ అంట్లు చూడండి, రెండేళ్ళకే కాపు" అని చెబుతూనే ఉన్నారు. నా మొహం చూశాక తెలిసింది. మాట మధ్యలో ఆపి, కుర్చీ వెనక్కి తిప్పుకుని ఇంట్లోకి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి గేటు దగ్గరకు రాలేదు. రాత్రి అన్నం మానేశారు. తర్వాత మధ్యాహ్నం కంచంలో సగం వదిలేయడం మొదలుపెట్టారు. నీళ్ళు గొంతు తడుపుకోవడానికే తాగేవారు.

"లోపలికి వెళ్ళకపోతే బయటికి రాదు కదా," అనేవారు, ఏదో తమాషాకి అన్నట్టు. చొక్కాలు హేంగరుకి తగిలించినట్టు వేలాడుతుంటే ఏం తమాషా?

సూదుల మాట తెచ్చింది మా అత్తయ్య. గుడిలో ఎవరో చెప్పారట, రాజమండ్రిలో హారతి అని ఒక డాక్టరమ్మ ఉందట, సన్న సూదులు గుచ్చి పక్షవాతం వచ్చినవాళ్ళకి, కడుపు కదలనివాళ్ళకి నయం చేస్తుందట.

"నాకు కాళ్ళున్నాయో లేవో తెలియదు. సూది గుచ్చితే ఏం తెలుస్తుందే అమ్మా?" అన్నారీయన.

"నీకు తెలియక్కర్లేదు. కడుపుకి తెలిస్తే చాలు," అంది అత్తయ్య.

ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేశాను. "శుభ్రమైన సూదులు వాడేవాళ్ళయితే చేయించుకోండమ్మా, నష్టం లేదు. ఇప్పుడు చేస్తున్నవి మాత్రం ఆపకండి," అన్నారు. పనిచేస్తుందాండీ అనడిగితే, "చెప్పలేనమ్మా," అన్నారు. అంత పెద్దాయన చెప్పలేనంటే, అది మంచికో చెడుకో నాకు అంతుపట్టలేదు.

వెళ్ళాం. మా వీధి చివర ఎజ్రా ఆటో ఉంది. ఈయన్ని ఎత్తి కూర్చోబెట్టడం అతనికి అలవాటైంది. సీటు మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, నా ఒళ్ళో మారు బట్టల సంచి. వేమగిరి దాటేదాకా ఈయన ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆయనేమీ తినలేదని నాకు దారిలో తెలిసింది.

హారతి గారు నాకన్నా చిన్నది. ప్రకృతి వైద్యం చదువుకుందట. గదిలో పెద్ద ఆర్భాటమేమీ లేదు: ఒక బల్ల, ఒక ఫ్యాను, చేతులు కడుక్కునే సింకు. ముందు సూదుల మాటే ఎత్తలేదు. ఏం తింటారు, ఎప్పుడు తింటారు, నీళ్ళెన్ని తాగుతారు, పొద్దున్న ఎన్నింటికి చేస్తారు, పడుకునా కూర్చునా అని గుచ్చి గుచ్చి అడిగింది. ఈయన సిగ్గుతో నేలచూపులు చూస్తుంటే నేను చెప్పాను.

"గణేష్‌బాబు గారూ, ఖాళీ కడుపుని నా సూదులు ఏం కదిలిస్తాయండీ?" అంది. "మీరు ఎంత మాడితే అది అంత గట్టిపడుతుంది. తినాలి. టిఫిన్ తిన్నాక అరగంటలో కమోడ్ కుర్చీ మీద కూర్చోవాలి. తిన్నప్పుడు పేగుకి సహజంగా ఒక కదలిక వస్తుంది, దాన్ని వాడుకోవాలి. పడుకుంటే ఆలస్యమవుతుంది."

తర్వాత ఆయన పొట్ట మీద తన చెయ్యి పెట్టి, కుడివైపు కింద నుంచి పైకి, పైన అడ్డంగా, ఎడమవైపు నుంచి కిందికి ఎలా రుద్దాలో నాకు చూపించింది. అప్పుడు సూదులు తీసింది. వెంట్రుకంత సన్నంగా ఉన్నాయి. బొడ్డుకి అటూ ఇటూ వేసింది. మోకాలి కింద, ముందు ఎముకకి పక్కగా వేలితో తడిమి, రెండు కాళ్ళకీ వేసింది.

"తెలుస్తోందా అండీ?"

"బొడ్డు దగ్గర కొంచెం చురుక్కుమంది. కాళ్ళకా? మీరు వేశారంటే వేశారనుకోవడమే."

ఆగలేక నేనడిగేశాను. "తెలియనిచోట గుచ్చితే ఎలా పనిచేస్తుందండీ?"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "కబురు తలదాకా వెళ్ళదండి, దారి తెగిపోయింది కాబట్టి. కానీ తెగినచోటుకి కింద నరాలు బతికే ఉంటాయి. పేగుకి దాని నరాలు దానికుంటాయి. అక్కడ గుచ్చితే పేగు కదలిక మెరుగుపడిందని కొన్ని పరిశీలనల్లో రాశారు. అవి చిన్నవి. ఖాయంగా పనిచేస్తుందని నేను మాటివ్వలేను. కొన్నాళ్ళు చూద్దాం."

ఆటోలో తిరిగొస్తుంటే నాకు పెద్ద డాక్టరు గారూ ఈవిడా ఒకే మాట అన్నట్టు అనిపించింది. అయితే ఒకరు సూదులు వేయరు, ఒకరు వేస్తారు. మరి తేడా ఏంటో!

వారానికి రెండుసార్లు వెళ్ళడం మొదలుపెట్టాం. పొద్దున్నే రెండు ఇడ్లీలు తినిపించి, కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టి, కాళ్ళ కింద పీట వేసి, పొట్ట రుద్దేదాన్ని. మా అత్తయ్య ఊరుకుంటుందా? చక్కెరకేళి అరటిపళ్ళు గెల ఒకటి తెప్పించి వంటింట్లో వేలాడదీసింది. రాత్రి ఎండుద్రాక్ష నానబెట్టేది. రెండుపూటలా తోటకూర. చెంబుతో మజ్జిగ పట్టుకుని కొడుకు వెనకాలే తిరిగేది.

శ్రీరామనవమి వెళ్ళేసరికి తేడా కనిపించింది. గంటకి పైగా పట్టేది అరగంటకి దిగింది. మధ్యలో బట్టలు పాడవడం తగ్గిపోయింది. పొట్ట ఉబ్బరం తగ్గి మనిషి మొహంలోకి రక్తం వచ్చింది.

"సూదులే," అన్నారీయన.

"ఏం సూదులురా? నా అరటిపళ్ళు," అంది అత్తయ్య.

కూర్చోబెట్టి చేయడం వల్లేమో అని నాకనిపించేది. ఇంకోరోజు, కడుపునిండా తింటున్నారు కాబట్టేమో అనిపించేది. ఏది ఆపి చూస్తే తెలుస్తుంది? ఏదీ ఆపే ధైర్యం నాకు లేదు.

ఒకరోజు సూదులు వేయించుకుని బయటికొచ్చాక, "ఎజ్రా, ఏదైనా హోటల్ దగ్గర ఆపవయ్యా," అన్నారు. నేను బిత్తరపోయాను. పడ్డాక ఆయన బయట మెతుకు ముట్టలేదు. మెట్లు లేని హోటల్ చూసి ఎజ్రా ఆపాడు. ఈయన ఉప్మా పెసరట్టు చెప్పారు, అల్లం చట్నీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. ఎదురుగా కూర్చుని నేను తిన్నదేంటో నాకు గుర్తులేదు. ఇక్కడినుంచి ఇంటికి ఎంతదూరం, దారిలో ఏమైనా అయితే ఎక్కడ ఆపాలి, ఇదే నా ధ్యాస.

"తిను దుర్గా, చల్లారిపోతోంది," అన్నారు. ఇంటికి చేరేదాకా ఏమీ కాలేదు. గుమ్మంలో అత్తయ్య అడగకముందే ఆయనే, "పెసరట్టు తిన్నానే అమ్మా," అని చెప్పారు. అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సంతోషం అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేది!

ఏప్రిల్ చివర్లో హారతి గారు మోకాలి కింది సూదులకి సన్న తీగలు తగిలించి కొంచెం కరెంటు పెట్టింది. పేగుకి ఇంకా మేలు చేయవచ్చంది. పెట్టగానే ఆయన పిక్క టకటకా కొట్టుకుంది. పాదం కొద్దిగా పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

ఈయన మోచేతుల మీద లేచి చూశారు. "దుర్గా! కాలు! కాలు కదులుతోంది!"

"అది కరెంటు కదిలిస్తోందండీ. మీరు కదిలించడం కాదు," అంది హారతి గారు వెంటనే. "కండరానికి కరెంటు తగిలితే ఎవరికైనా అలాగే అవుతుంది. దీనికీ నడకకీ సంబంధం లేదు. ఈ ఆశ పెట్టుకోకండి, దయచేసి."

ఆయన తలూపారు. ఆటో ఎక్కాక, "ఆవిడకి అంతకన్నా ఏం తెలుసులే. చిన్నపిల్ల," అన్నారు.

అక్కడినుంచి ఇంట్లో గాలి మారిపోయింది. కాళ్ళు అప్పుడప్పుడు వాటంతటవే జెర్కు ఇవ్వడం ముందునుంచీ ఉంది. దాన్ని పట్టించుకోవద్దని ఆసుపత్రిలో చెప్పారు. ఇప్పుడు ప్రతి జెర్కునీ ఆయన పండగలా చూసేవారు. స్నానం చేయిస్తుంటే, "బొటనవేలు చూడు, ఇప్పుడు కదిలిందా?" అనేవారు. నేను చూసేదాన్ని. ఒకసారి కదిలినట్టే అనిపించింది. నిజంగా కదిలిందా, నీళ్ళు పడి అలా అనిపించిందా? ఏమో అన్నాను.

"ఏమో ఏంటే? కళ్ళతో చూసి ఏమో ఏంటి?"

"నిజంగా నాకు తెలియలేదండీ."

"కడుపు కదలదన్నారు, కదిలింది కదా? అదే తాడు కదా కాళ్ళకీ?"

ఆయన చెప్పేది తప్పని డాక్టర్లు అన్నారు. ఎందుకు తప్పో నాకు విడమరిచి చెప్పడం రాదు. అసలు తప్పేనా అని ఒక్కోసారి నాకే సందేహం. కలిసొచ్చే కాలమొస్తే ఏమవుతుందో ఎవరు చూడొచ్చారు? అత్తయ్యకైతే ఏ సందేహం లేదు. కొడుకు నడిచొస్తే కాలినడకన అంతర్వేది వెళ్తానని మొక్కేసుకుంది.

మే నెల మొదట్లో ఒక పొద్దున్న నేను గ్లౌజు తొడుక్కుంటుంటే, "ఇవాళ్టినుంచి మాత్ర వద్దు," అన్నారు.

"ఆపొద్దని చెప్పారు కదండీ."

"మందుతో అయితే అది మందు గొప్ప. దానంతటది అవ్వాలి. లోపల నరాలు లేస్తున్నాయి, చూద్దువుగాని."

సరేనని కుర్చీలో కూర్చోబెట్టి, పొట్ట రుద్దాను. అయ్యింది! మాత్ర లేకుండా, వేలి సాయం లేకుండా. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. పెళ్ళయిన కొత్తలో మోటారుసైకిలు కొనుక్కొచ్చిన రోజు అలా చూశారు. గ్లౌజులు డబ్బాలో పెట్టేశాను.

మర్నాడు అవలేదు. ఆ మర్నాడూ అవలేదు. తర్వాత పల్చగా కారడం మొదలైంది, రోజుకి నాలుగైదుసార్లు.

"అవుతోంది కదా," అన్నారీయన.

"అజీర్తి చేసినట్టుంది, మామిడిపళ్ళ రోజులు," అని అత్తయ్య పెరుగన్నం, సగ్గుబియ్యం జావ పెట్టింది. అరటిపళ్ళు ఆపేసింది. నేను గుడ్డలు మార్చడంతోనే సరిపోయింది. ఒకరోజు పొట్ట రుద్దబోతే రాయిలా తగిలింది. కారుతుంటే గట్టిగా ఎందుకుందో అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నం ఆయనకి వాంతులు మొదలయ్యాయి. పొట్ట బిగిసి మెరుస్తోంది. చెమటలు. హారతి గారికి ఫోన్ చేశాను.

"మాత్ర ఆపేశారా?" అనే మొదట అడిగింది. నేను అవునన్నాను. ఆవిడ ఒక్క మాట తిట్టలేదు. "నా దగ్గరికి తేకండి. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇప్పుడే," అంది.

ఎజ్రా అంత వేగంగా ఆటో నడపడం నేనెప్పుడూ చూడలేదు.

ఆసుపత్రిలో పొట్టకి ఎక్స్‌రే తీశారు. పేగంతా నిండిపోయి, కింద అడ్డుపడి ఉందన్నారు. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ దాకా వెళ్ళేదట. ప్రిస్కిల్లా అని నడివయసు నర్సు, ఆవిడే ఎనిమా ఇచ్చి, చేత్తో తీసి, ఆ రెండు రోజులూ ఆయన్ని శుభ్రం చేసింది.

"మరి కారిందేంటమ్మా?" అనడిగాను నేను.

"అది విరేచనం కాదమ్మా. అడ్డుపడినదాని పక్కనుంచి నీళ్ళు దారి చేసుకుని కారాయి. చాలామంది ఇలాగే పొరబడతారు. కారుతోందని మందు ఆపేస్తారు, అది ఇంకా బిగుస్తుంది."

కారుతుంటే బిగుసుకుపోయినట్టట. మందు లేకుండా అయిన ఆ ఒక్క రోజు సంగతేంటని అడిగితే, "ముందురోజు మందు బలం అయ్యుండొచ్చు. ఊరికే అయ్యుండొచ్చు," అంది. ఊరికే! ఆ ఊరికేని పట్టుకుని మేము ఇంతదాకా వచ్చాం.

ఇంటికి పంపేముందు ప్రిస్కిల్లా గారు ఈయనతో, "మీ చేతులు బలంగా ఉన్నాయి కదండీ. ఈ పని మీరే చేసుకోవచ్చు. కుర్చీ మీద కూర్చుని ఎవరి సాయం లేకుండా చేసుకునేవాళ్ళున్నారు. నేను నేర్పుతాను," అంది.

ఈయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. "నాలుగు నెలల్లో నేను లేచి బాత్రూంకి నడిచి వెళ్తాను. మీ నేర్పులు నాకొద్దు," అన్నారు. ఆవిడ నా చేతిలో తన ఫోన్ నంబరు పెట్టి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన మాత్ర వద్దనలేదు. గోడవైపు తిరిగి పడుకునేవారు. సూదులకి వెళ్దామా అంటే, చూద్దాంలే అన్నారు. కాళ్ళ మాట మాత్రం మానలేదు, తనలో తనే ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉండేవారు.

రోహిణి ఎండలు. మధ్యాహ్నంపూట నర్సరీలో పనివాళ్ళు కూడా ఉండరు. ఎండకి మాడిపోతున్న చేమంతి నారు మీద గోనెపట్టాలు తడిపి కప్పుదామని నేను వెనకవైపు వెళ్ళాను. గులాబీల మడి దగ్గర, షేడ్ నెట్ నీడలో ఈయన కుర్చీ కనిపించింది. పిలవబోయి ఆగిపోయాను.

కళ్ళు మూసుకుని ఉన్నారు. లుంగీ పైకి మడిచి ఉంది. చేతిలో గులాబీ కొమ్మ విరిచిన ముక్క. దాని ముల్లుతో పొట్ట మీద, పక్కటెముకల కింద గుచ్చుకున్నారు. ఉలిక్కిపడ్డారు. కొంచెం కిందికి జరిపి గుచ్చుకున్నారు. మొహం చిట్లించారు. బొడ్డు దగ్గరకి వచ్చింది ముల్లు. దాటింది. ఆయన మొహంలో ఏమీ లేదు. తొడ మీద గుచ్చారు, ఇంకా గట్టిగా గుచ్చారు. మోకాలి కింద, హారతి గారు సూది వేసేచోటే, గుచ్చి గీశారు. మూసిన కళ్ళు మూసినట్టే ఉన్నాయి, వినపడని మాట కోసం చెవి ఒగ్గిన మనిషిలా తల ఒక పక్కకి వంచి ఎదురుచూశారు.

తర్వాత కళ్ళు తెరిచి కాలుని చూసుకున్నారు. ఎర్రటి చుక్కలు, గీత పొడుగునా రక్తం. చాలాసేపు చూశారు. కొమ్మముక్క మడిలో పారేసి, లుంగీ కిందికి లాక్కున్నారు.

నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. వెళ్ళి పక్కన నిలబడాల్సిందా, చూడనట్టు ఉండటమే మంచిదా? ఇప్పటికీ నాకు తెలియదు. మర్నాడు స్నానం చేయిస్తూ ఆ గీతల మీద మందు రాశాను. ఎలా గీసుకుందని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. మందు డబ్బా మూత పెడుతుంటే అన్నారు:

"ఆ నర్సమ్మ నంబరు ఉందా నీ దగ్గర?"

"ఉందండీ."

"ఒకసారి రమ్మను."

ప్రిస్కిల్లా గారు సెలవురోజు చూసుకుని వచ్చింది. బాత్రూం చూసింది. గోడకి పట్టుకునే గొట్టం ఎక్కడ బిగించాలో, మాత్రలు, గ్లౌజులు చేతికందే ఎత్తులో ఎక్కడ పెట్టుకోవాలో ఎజ్రాకి చెప్పి చేయించింది. తర్వాత ఈయనతో లోపలికి వెళ్ళి తలుపు దగ్గరకి వేసింది. నేనూ వెళ్ళబోతే, "మీరొద్దమ్మా," అంది. లోపలినుంచి ఏవో తక్కువ గొంతుతో మాటలు. ఒకసారి ఆయన నవ్వు వినిపించింది. నర్సమ్మ దగ్గర నవ్వే మనిషి నా దగ్గర గోడ చూస్తాడేం అని ఒక్క క్షణం చురుక్కుమంది. సిగ్గేసింది. అలా ఎందుకనిపించిందో!

నేర్చుకోవడం వారంలో అవలేదు. ఒకరోజు కుర్చీ మీంచి పక్కకి ఒరిగి పడబోయారు. ఒకరోజు కోపంతో గ్లౌజుల డబ్బా విసిరేశారు. ఆ రోజుల్లో లోపల నేనుండేదాన్ని, చేయడానికి కాదు, పట్టుకోవడానికి. సూదులకి మళ్ళీ వెళ్దామన్నది ఆయనే.

"ఏది పనిచేసిందో ఇప్పటికైనా చెప్పగలరా అండీ?" అని నేను హారతి గారిని అడిగాను.

"నాకూ తెలియదండి," అంది ఆవిడ. "అన్నీ ఒకేసారి మొదలుపెట్టాం. కూర్చోవడం, తినడం, రుద్దడం, సూదులు. ఇందులో సూదుల వాటా ఎంతో నేను చెబితే అది అబద్ధమవుతుంది. కావాలంటే కొన్నాళ్ళు ఆపి చూద్దాం."

బల్ల మీద పడుకున్న ఈయన, "ఆపొద్దులెండి," అన్నారు. "ఇక్కడికొచ్చి పడుకుంటే ఆ రోజు పొట్ట తేలిగ్గా ఉంటుంది. నా భ్రమైతే భ్రమే. కరెంటు మాత్రం పెట్టకండి." ఆవిడ తీగలు తీసి పక్కన పెట్టేసింది. ఆయన కాళ్ళవైపు చూడలేదు. కళ్ళు మూసుకుని పడుకున్నారు.

జూన్‌లో తొలకరి పడింది. మొక్కలు నాటే రోజులొచ్చాయి. నర్సరీ ముందు లారీలు ఆగడం మొదలైంది. అలాంటి ఒక పొద్దున్న టిఫిన్ తినగానే ఆయన కుర్చీ తోసుకుంటూ బాత్రూంలోకి వెళ్ళారు. నేను వెనకాలే వెళ్ళాను. గుమ్మంలో ఆగి, "ఇవాళ నువ్వు రావొద్దు," అన్నారు. తలుపు వేసుకున్నారు. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

నేను అక్కడే నిలబడిపోయాను. ఏడాదిగా ఆ వేళకి నా చేతులకి పని ఉంది. పడతారేమో, పిలిస్తే వినపడదేమో అని తలుపుకి చెవి ఆనించాను. నీళ్ళ చప్పుడు కూడా లేదు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నన్ను చూసి, "నువ్విక్కడున్నావేంటి అమ్మాయ్? వాడేడి?" అంది.

"లోపల."

"ఒక్కడేనా?"

తలూపాను. ఆవిడ ఏదో అడగబోయి, మూసిన తలుపు చూసి, మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది.

"దుర్గా!"

తోసుకుని వెళ్ళిపోవడానికన్నట్టు తలుపు మీదకి ఉరికాను. "ఏంటండీ? ఏమైంది?"

"ఏం కాలేదు. ఉన్నావా అని."

"ఉన్నానండీ."

వీధివైపు లారీ హారన్ మోగింది. ఇంకోసారి మోగింది.

"లారీ వచ్చినట్టుంది కదా, వెళ్ళు," అన్నారు తలుపు వెనకనుంచి. "మొక్కలు చూపిస్తూ ఉండు. బేరం మాట్లాడకు. నేనొస్తున్నాను."

వెళ్ళాలా ఉండాలా తెలియక రెండడుగులు వేసి ఆగాను. మళ్ళీ హారన్. గేటువైపు నడుస్తూ, అలవాటుగా కుళాయి దగ్గర ఆగి సబ్బు అందుకున్నాను. చేతులు నీళ్ళ కింద పెట్టాక చూసుకున్నాను. కడగడానికి వాటికి ఏమీ అంటలేదు. కుళాయి కట్టేసి, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ గేటు తీయడానికి వెళ్ళాను.